తాళం తప్పితే అక్షరమూ తప్పుతుంది

బెంగళూరులోని మన తెలుగు బడుల పిల్లలు ఎలక్ట్రానిక్స్ నడుమనే పెరుగుతున్నారు. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఇక్కడ తన డిజైన్ కేంద్రాన్ని తెరిచింది. ఆ తర్వాత ఎన్నో సంస్థలు అదే దారిన వచ్చాయి. జాలహళ్లిలో బీఈఎల్ ఉంది. పీణ్యలో ఇస్రో ఉపగ్రహాలతో మాట్లాడే ఇస్ట్రాక్ ఉంది. సదర్ పత్రప్ప రోడ్డులో అడుగడుగునా విడిభాగాల దుకాణాలున్నాయి. ఇలాంటి ఊళ్లో మన బడిలో పదో తరగతి ముగించిన పిల్ల పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ శాఖలో చేరుతుంది, లేదా పీయూసీలో ఎలక్ట్రానిక్స్‌ను ఐచ్ఛికంగా తీసుకుంటుంది. లాజిక్ గేట్ల దాకా బాగానే నడుస్తుంది. ఫ్లిప్-ఫ్లాప్ దగ్గరకొచ్చేసరికి కాలు జారుతుంది. జారే చోటు పేరు క్లాక్ పల్స్.

కారణం పిల్లల తెలివిలో లేదు. గేటు అంటే ఏమిటో మాటల్లో చెప్పవచ్చు. రెండు తీగల్లోనూ విద్యుత్తు ఉంటేనే మూడో తీగలోకి వస్తుందంటే అది ఆండ్ గేటు. అక్కడ ‘ఏమిటి’ తెలిస్తే సరిపోతుంది. ఫ్లిప్-ఫ్లాప్ దగ్గర మొదటిసారి ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో చెప్పకుండానే బోర్డు మీద మెట్లు మెట్లుగా ఒక బొమ్మ గీసి, దీని పేరు టైమింగ్ డయాగ్రమ్ అంటారు. అదీ అప్పుడే కొత్తగా మాధ్యమం మారిన పిల్లలకు, ఇంగ్లిష్‌లో. వాళ్లు బొమ్మను బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతారు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు అదే బొమ్మను కాస్త మార్చి అడిగితే మౌనమే సమాధానం అవుతుంది.

తెలుగు బడుల్లో సైన్సు, గణితం చెప్పే ఉపాధ్యాయులుగా మేము చెప్పదలచుకున్నది ఇది. క్లాక్ అనే భావనను ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే, తెలుగులోనే, ఆడించి నేర్పాలి. పాఠ్యపుస్తకంలో లేదు కదా అంటే, లేదు. అందుకే బడి తనంతట తాను పూనుకోవాలి. అది ఎంత తేలికో, ఎంత అవసరమో ఇక్కడ వివరిస్తాం.

ఎత్తిన చెయ్యి ఎన్ని ఒకట్లు?

మొదట సమస్యను పిల్లల చేతే కనిపెట్టించాలి. తరగతి గదికి రెండు కొసల్లో ఇద్దరిని నిలబెట్టండి. ఒకరు పంపేవారు, మరొకరు రాసుకునేవారు. చెయ్యి ఎత్తితే ఒకటి, దించితే సున్నా. పంపవలసింది మన ‘అ’ అక్షరం.

కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అ’కు 24 బిట్లు: 11100000 10110000 10000101. ఇంగ్లిష్ ‘ఎ’ అక్షరానికి 8 బిట్లు చాలు. తెలుగు అక్షరాలన్నీ అదే 11100000తో మొదలవుతాయి. కన్నడ, తమిళ, హిందీ అక్షరాలకూ మొదటి ఎనిమిది బిట్లు ఇవే. పక్క బడి కన్నడ పిల్లలు ఈ ఆట ఆడినా ఆరంభం ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు పంపమనండి. పంపే పిల్లవాడు చెయ్యి ఎత్తుతాడు. మూడు ఒకట్లు కదా, ఎత్తిన చెయ్యి అలాగే కొంతసేపు ఉంచుతాడు. తర్వాత దించి, ఐదు సున్నాల కోసం ఇంకాసేపు ఊరుకుంటాడు. అవతలి కొసన రాసుకునే పిల్ల కలం పట్టుకుని ఆగిపోతుంది. ఎత్తిన చెయ్యి రెండు ఒకట్లా, మూడా, నాలుగా? దించిన చెయ్యి ఎన్ని సున్నాలు? చెయ్యి కనిపిస్తూనే ఉంది. సమాచారం మాత్రం అందలేదు.

రాగి తీగలోనూ ఇదే జరుగుతుంది. తీగలో వోల్టేజి ఉందా లేదా అన్నది ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. ఎప్పుడు చూడాలో తెలియకపోతే ఆ వోల్టేజికి అర్థం లేదు. ఒక్క బిట్టు తప్పితే దాని తర్వాతివన్నీ పక్కకు జరుగుతాయి. ‘అ’ అక్షరం ఇంకేదో అవుతుంది, దాని వెనుక వచ్చే అక్షరాలూ చెడిపోతాయి.

ఇప్పుడు మూడో పిల్లను పిలిచి చేతికి చిడతలు ఇవ్వండి. చిడత మోగిన ప్రతిసారీ రాసుకునే పిల్ల ఎదుటి చెయ్యి ఒక్కసారి చూసి ఒక అంకె రాయాలి. మళ్లీ మోగేదాకా చూడకూడదు. 24 దెబ్బలకు 24 అంకెలు వస్తాయి, ‘అ’ కాగితం మీదకు దిగుతుంది. ఆ చిడత చప్పుడే క్లాక్ పల్స్. చిడతకు ‘అ’ అంటే ఏమిటో తెలియదు. అది ఏ సమాచారాన్నీ మోయదు. ఎప్పుడు చూడాలో మాత్రమే చెబుతుంది.

ఇంతదాకా అర్థమైతే ఫ్లిప్-ఫ్లాప్ సగం అర్థమైనట్టే. డీ ఫ్లిప్-ఫ్లాప్ చేసే పని ఆ రాసుకునే పిల్ల చేసిన పనే. క్లాక్ తీగలో వోల్టేజి పైకి లేచే క్షణంలో డేటా తీగను చూస్తుంది, చూసినదాన్ని మళ్లీ క్లాక్ లేచేదాకా గుర్తుపెట్టుకుంటుంది. రెండు స్థితుల్లో ఏదో ఒకదాన్ని గుర్తుపెట్టుకోగల సర్క్యూట్‌ను బ్రిటన్‌లో ఎకిల్స్, జోర్డాన్ అనే ఇద్దరు 1918లో వాల్వులతో తయారు చేశారు. ఈనాటి చిప్‌లోని కోట్లాది ఫ్లిప్-ఫ్లాప్‌లకు మూలం అదే.

కోలాటం చెప్పే సూక్ష్మం

ఆట రెండో మెట్టులో ఒక చిక్కు వస్తుంది, రావాలి కూడా. చిడత మోగే క్షణంలోనే పంపేవాడు చెయ్యి దించుతున్నాడనుకోండి. చూసే పిల్లకు చెయ్యి సగంలో కనిపిస్తుంది. ఒకటి రాయాలా, సున్నా రాయాలా? ఇద్దరు పిల్లలను చూడమంటే ఇద్దరూ వేరువేరుగా రాస్తారు.

కోలాటం ఆడిన పిల్లలకు దీని మందు తెలుసు. తాళం పడే ముందే కర్ర లేచి సిద్ధంగా ఉండాలి. తాళం పడ్డ వెంటనే లాగేసుకుంటే ఎదుటివారి కర్రకు గాలే తగులుతుంది, క్షణం నిలపాలి. కదలిక అంతా తాళానికీ తాళానికీ మధ్యనే. సర్క్యూట్లలోనూ అచ్చంగా ఇదే నియమం. క్లాక్ లేవడానికి ముందు డేటా కొంతసేపు కదలకుండా ఉండాలి, దాన్ని సెటప్ టైమ్ అంటారు. లేచాక కూడా కొంతసేపు నిలవాలి, దాన్ని హోల్డ్ టైమ్ అంటారు. ఈ నియమం తప్పితే ఫ్లిప్-ఫ్లాప్ ఒకటీ సున్నా కాని త్రిశంకు స్థితిలో వేలాడి, చివరికి ఎటు పడుతుందో చెప్పలేని పరిస్థితి వస్తుంది. ఇంజినీర్లు దాన్ని మెటాస్టెబిలిటీ అంటారు. పెద్ద చిప్ తయారవుతున్నప్పుడు బెంగళూరు డిజైన్ కార్యాలయాల్లో ఎందరో ఇంజినీర్లు నెలల తరబడి చేసే పని ఈ రెండు సమయాలు ఎక్కడా తప్పలేదని సరిచూడటమే. ఇంత పెద్ద పని వెనుక ఉన్న సూత్రం తొమ్మిదో తరగతి పిల్లకు కోలాటం కర్రలతో పది నిమిషాల్లో అర్థమవుతుంది.

మూడో చిక్కు దూరానిది. కోలాటం వలయం పెద్దదైతే తాళం శబ్దం చివరివారికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. చిప్‌లోనూ క్లాక్ అన్ని మూలలకూ ఒకేసారి చేరదు. ఆ తేడాను స్క్యూ అంటారు. ఎంత తేడా రాగలదో పిల్లల చేత లెక్క కట్టించవచ్చు. నానోసెకను, అంటే సెకనులో వంద కోట్ల వంతు. అంతసేపట్లో కాంతి వెళ్లే దూరం సుమారు 30 సెంటీమీటర్లు. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ తన ప్రసంగాల్లో అంత పొడవు తీగ ముక్కలు పంచి, ఇదిగో నానోసెకను అనేవారు. మనమూ అలా ఒక తీగ కత్తిరించి ఇవ్వవచ్చు. సెకనుకు 300 కోట్లసార్లు కొట్టుకునే ప్రాసెసర్‌లో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య కాంతి కూడా 10 సెంటీమీటర్లే వెళ్లగలదు. సర్క్యూట్ బోర్డు మీది రాగి గీతల్లో సంకేతం అందులో సగం వేగంతోనే పోతుంది. అందుకే చిప్‌లో క్లాక్‌ను చెట్టు కొమ్మల్లా చీల్చి, ప్రతి కొమ్మా దాదాపు ఒకే పొడవు ఉండేలా గీస్తారు. ఇది భౌతికశాస్త్రమే, మనం ఎలాగూ చెప్పే వేగం, దూరం, కాలం పాఠమే.

ఆగమని చెప్పే తీగ

ఇద్దరి మధ్య ఒక డేటా తీగ, పక్కనే ఒక క్లాక్ తీగ. ఈ ఏర్పాటు పిల్లల చుట్టూ ఉన్న వస్తువుల్లో నిత్యం పనిచేస్తోంది. మోటొరోలా రూపొందించిన ఎస్‌పీఐ, ఫిలిప్స్ 1982లో తెచ్చిన ఐ2సీ ఇలాంటివే. ఉష్ణోగ్రత కొలిచే చిన్న సెన్సారు, గోడ మీది డిజిటల్ గడియారంలోని చిప్, తక్కెడలోని కొలత విభాగం తమ మైక్రోకంట్రోలర్‌తో మాట్లాడేది ఎక్కువగా ఇలాంటి తీగల మీదే.

ఐ2సీలో రెండే తీగలు, ఒకటి డేటాకు, ఇంకొకటి క్లాక్‌కు. మామూలు వేగం సెకనుకు లక్ష బిట్లు. అందులో ఒక ఏర్పాటు మాకు ఎంతో నచ్చుతుంది. క్లాక్ కొట్టేది మైక్రోకంట్రోలరే. అయినా అవతలి చిప్‌కు పని పూర్తికాకపోతే అది క్లాక్ తీగను కిందికి పట్టి ఉంచవచ్చు. అది వదిలేదాకా మైక్రోకంట్రోలర్ తర్వాతి దెబ్బ కొట్టదు. ఇంజినీర్లు దీన్ని క్లాక్ స్ట్రెచింగ్ అంటారు. నెమ్మదైన చిప్ పనికిరానిదని ఎవరూ తీసి పారెయ్యరు. దాని కోసం తాళం కాస్త ఆగుతుంది, ఒక్క బిట్టూ పోదు. మాధ్యమం మారిన పిల్లలు కూర్చున్న తరగతిలో ఉపాధ్యాయులు తలచుకోదగిన సంగతి ఇది. పాఠం వేగం ఎప్పుడూ చెప్పేవారి చేతిలోనే ఉంటుంది. ఆగమని చెప్పే తీగ ఒకటి పిల్లల చేతిలో కూడా ఉండాలి.

చిడతలు లేకుండా

ఇప్పుడు చిడతలు పట్టిన పిల్లను కూర్చోమనండి. పంపేవారు, రాసుకునేవారు ముందే ఒప్పందం చేసుకోవాలి: ఇద్దరూ మనసులో ఒకే వేగంతో లెక్కపెడదాం, నేను చెయ్యి కదిపిన క్షణం నుంచి నీ లెక్క మొదలు. యూఆర్ట్ అనే పద్ధతి ఇదే. మొదలును తెలిపే ఒక స్టార్ట్ బిట్టు, తర్వాత ఎనిమిది డేటా బిట్లు, చివర ఒక స్టాప్ బిట్టు. క్లాక్ తీగ లేదు, ఇద్దరి దగ్గరా సొంత గడియారాలున్నాయి.

సెకనుకు 9,600 బిట్ల వేగంలో ఒక్కో బిట్టుకు దాదాపు 104 మైక్రోసెకన్లు. ‘అమ్మ’ అన్న మాటను తీసుకుందాం. అ, మ, పొల్లు, మళ్లీ మ, మొత్తం నాలుగు సంకేతాలు. ఒక్కోదానికి మూడు బైట్లు. మొత్తం 12 బైట్లు, బైటుకు పది బిట్ల చొప్పున 120 బిట్లు. 12.5 మిల్లీసెకన్లలో ‘అమ్మ’ చేరిపోతుంది. ఈ లెక్క ఎనిమిదో తరగతి గణితమే.

ఆటలో మాత్రం పిల్లలిద్దరి లెక్క పది చేరేలోపే తేడా వస్తుంది. ఒకరు కాస్త తొందరపడతారు. యంత్రాల్లోనూ రెండు గడియారాల మధ్య తేడా 5 శాతం ఉంటే పదో బిట్టు దగ్గరకు వచ్చేసరికి దాదాపు సగం బిట్టు జారిపోతుంది, తప్పు చదివే ప్రమాదం ముంచుకొస్తుంది. అందుకే ప్రతి బైటుకూ ఒక స్టార్ట్ బిట్టు పెట్టి లెక్కను మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతారు. అందుకే నిలకడగా కొట్టుకునే స్ఫటికం కావాలి. బడుల్లో విరివిగా కనిపించే ఆర్డ్యునో ఊనో బోర్డు మీద సెకనుకు కోటీ అరవై లక్షల సార్లు కంపించే స్ఫటికం ఉంటుంది. చేతి గడియారంలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ వింత అంకె ఎందుకో అడగండి. వరుసగా 15 సార్లు సగం చేయిస్తే సరిగ్గా ఒకటి వస్తుంది. ఒక్కో సగానికి ఒక ఫ్లిప్-ఫ్లాప్. పదిహేనింటిని వరుసగా పెడితే సెకను ముల్లు కదులుతుంది.

ఈ పాఠానికి బెంగళూరు కంటే మంచి ఊరు దొరకదు. 1961లో జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో హెచ్‌ఎంటీ చేతి గడియారాల తయారీ మొదలుపెట్టింది ఇక్కడే. జాలహళ్లిలోని హెచ్‌ఎంటీ మ్యూజియంలో ఆ చరిత్ర చూడవచ్చు. వీధివీధిలో తెలుగు మాట వినబడే హోసూరులో టైటాన్ క్వార్ట్జ్ గడియారాలు తయారయ్యాయి. మన పిల్లల తాతలు, మేనమామలు కొందరు ఇలాంటి కర్మాగారాల్లోనే పనిచేశారు. వాళ్లను బడికి పిలిచి ఒక గంట మాట్లాడమంటే చాలు.

బ్యాలాళు నేర్పే పాఠం

చివరి మెట్టు అన్నిటికంటే అందమైనది. చిడతలు లేవు, ముందస్తు లెక్కా నమ్మదగినది కాదు. అప్పుడు పంపేవారి చేతి కదలికల్లోంచే తాళాన్ని పట్టుకోవాలి. చెయ్యి లేచినప్పుడు, దిగినప్పుడు రాసుకునేవారు తమ లెక్కను కొంచెం ముందుకో వెనక్కో సర్దుకుంటారు. పాట వింటూ తాళం పట్టుకునే భజన బృందంలా. ఇలా డేటాలోంచే క్లాక్‌ను రాబట్టడాన్ని క్లాక్ రికవరీ అంటారు. అయితే చెయ్యి చాలాసేపు కదలకుండా ఉంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ఇలాంటి చోట్ల వరుసగా ఒకట్లో సున్నాలో ఎక్కువసేపు రాకుండా బిట్లను ముందే మార్చి పంపుతారు. ఇంట్లోని ఇంటర్నెట్ తీగ పనిచేసేది ఈ సూత్రంతోనే.

బెంగళూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బ్యాలాళులో ఇస్రోకు 32 మీటర్ల వ్యాసం గల యాంటెన్నా ఉంది. 2008లో చంద్రయాన్-1 కోసం సిద్ధమైన ఈ యాంటెన్నాను తయారు చేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అక్కడికి క్లాక్ తీగ వెయ్యలేం. సంకేతం రావడానికి 1.28 సెకన్లు పడుతుంది. వచ్చిన సన్నని సంకేతంలోంచే రిసీవరు తాళం పట్టుకుని బిట్లు వేరుచేయాలి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు మన పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల వెనుక ఈ పని ఒకటుందని ఎంతమందికి చెప్పాం?

ఈ పని ఎంత సున్నితమో శనిగ్రహం దాకా వెళ్లిన ఒక నౌక చెబుతుంది. 1997లో బయల్దేరిన కాసిని నౌక తనతో హైగెన్స్ అనే యూరప్ శోధక నౌకను తీసుకెళ్లింది. శని ఉపగ్రహం టైటాన్ మీదకు హైగెన్స్ దిగుతుంటే, అది పంపే డేటాను కాసిని అందుకోవాలి. రెండింటి మధ్య సాపేక్ష వేగం సెకనుకు 5 కిలోమీటర్లకు పైగా. దగ్గరకు వస్తున్న రైలు కూత సన్నబడినట్టే ఆ వేగానికి రేడియో పౌనఃపున్యం మారుతుంది. దానికి ఏర్పాటు చేశారు. బిట్లు వచ్చే వేగం కూడా అదే నిష్పత్తిలో, లక్షకు రెండు పాళ్ల దాకా మారుతుందన్నదానికి బిట్లను పట్టుకునే భాగంలో చాలినంత వెసులుబాటు ఇవ్వలేదు. నౌక దారిలో ఉండగా 2000లో బోరిస్ స్మెడ్స్ అనే ఇంజినీరు పట్టుబట్టి చేసిన పరీక్షలో ఈ లోపం బయటపడింది. అంత దూరాన మరమ్మతు అసాధ్యం. అందుకని కాసిని ప్రయాణ మార్గాన్నే మార్చి, వేగం ప్రభావం తగ్గేలా చేశారు. 2005 జనవరి 14న హైగెన్స్ టైటాన్ మీద దిగి ఫొటోలు పంపింది. తాళంలో ఆ చిన్న తేడా వల్ల ఏళ్ల శ్రమ బూడిదపాలయ్యేది. ఒక మనిషి ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న సరిగ్గా అడగడంతో దక్కింది.

బ్యాలాళులోనే 2013 మే 28న ఇస్రో నావిగేషన్ కేంద్రం ప్రారంభమైంది. మన నావిక్ వ్యవస్థకు సమయాన్ని నిలబెట్టేది అక్కడి పరమాణు గడియారాలే. 10 నానోసెకన్ల పొరపాటు అంటే దూరంలో 3 మీటర్ల పొరపాటు. మొదటి నావిగేషన్ ఉపగ్రహంలో దిగుమతి చేసుకున్న మూడు రుబిడియం గడియారాలూ పాడైపోయాయి. ఆ అనుభవం తర్వాత 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే తయారైన రుబిడియం గడియారాన్ని పంపారు. గడియారం చేసుకోగల దేశానికే తన దారి తనకు తెలుస్తుందన్నమాట.

పేరు ఇంగ్లిష్‌లో, వివరణ తెలుగులో

తెలుగులో నేర్పాలంటే కొందరు మిత్రులు భయపడతారు. పిల్లలకు నోరు తిరగని పదాలు అంటగడతామని. మా ఉద్దేశం అది కాదు. క్లాక్‌ను క్లాక్ అనే అందాం, ఫ్లిప్-ఫ్లాప్‌ను అలాగే పిలుద్దాం. రేపు పీయూసీలో, డిప్లొమాలో అవే పేర్లు ఎదురవుతాయి. పేరు ఎందుకొచ్చింది, ఆ వస్తువు లేకపోతే ఏం చెడుతుంది అన్న వివరణ మాత్రం ఇంటి భాషలో జరగాలి. సెటప్ టైమ్ అంటే ఏమిటని అడిగితే ఇంగ్లిష్ నిర్వచనం అప్పజెప్పే పిల్లవాడిని, కర్ర ముందే ఎందుకు లేవాలో తెలుగులో చెప్పమనండి. అర్థమైందో లేదో అప్పుడు తేలిపోతుంది.

ఒక్కోసారి మన భాష ఇంగ్లిష్ కంటే ముందే ఉంటుంది. రిసీవరు ఎదుటి క్లాక్‌ను పట్టుకున్నప్పుడు ఇంజినీర్లు ‘లాక్ అయింది’ అంటారు. తెలుగులో పాటకు వేసేదీ తాళమే, తలుపుకు వేసేదీ తాళమే. ఆ ఇంజినీరింగ్ భావనకు ఇంతకన్నా తగిన మాట ఎక్కడ దొరుకుతుంది? పిల్లలకు ఈ ఒక్క మాట చెబితే చాలు, ఫేజ్ లాక్డ్ లూప్ అన్న పేరు ఎప్పటికీ మరవరు.

రెండో అభ్యంతరం సమయానిది. పోర్షన్ పూర్తి చేయడానికే గంటలు చాలవు, ఇదొకటా అని. మేము అడుగుతున్నది ఏడాదికి ఐదు పీరియడ్లు. పైన చెప్పిన ఐదు మెట్లకు ఒక్కొక్కటి. ద్విసంఖ్యామానం, ఘాతాంకాలు, వేగం, పౌనఃపున్యం, విద్యుత్తు, ఇవన్నీ ఆ ఐదు పీరియడ్లలో మళ్లీ ఒకసారి తిరగేసినట్టవుతుంది. మూడో అభ్యంతరం ఖర్చు. మొదటి రెండు పీరియడ్లకు చిడతలు, కర్రలు చాలు. ఆ తర్వాత ఒక బ్రెడ్‌బోర్డు, 555 టైమర్ చిప్, ఒక డీ ఫ్లిప్-ఫ్లాప్ చిప్, షిఫ్ట్ రిజిస్టర్, కొన్ని ఎల్‌ఈడీలు, బ్యాటరీ. ఇవన్నీ పత్రప్ప రోడ్డులో చిల్లరగా దొరికేవే. 555తో క్లాక్‌ను సెకనుకు ఒక దెబ్బకు తగ్గిస్తే, దీపం ఒక గడి నుంచి ఇంకో గడికి ఎలా జరుగుతుందో కళ్లారా చూడవచ్చు.

ఎవరేం చేయాలి

రాజ్యాంగంలోని 350ఏ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమంటుంది. ఉన్నత పాఠశాల దాకా ఆ మాట రాదు. అయితే 30వ అధికరణం భాషా అల్పసంఖ్యాకులకు సొంత విద్యాసంస్థలు స్థాపించుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కును మనం పండుగలకు, పద్యాల పోటీలకు వాడుకుంటున్నాం, మంచిదే. వారానికి ఒక సైన్సు గంటకు కూడా వాడుకోవాలి. అనుమతి కోసం ఎవరి గడపా తొక్కనవసరం లేదు.

యాజమాన్యాలు చేయవలసింది, ఈ ఐదు పీరియడ్లను ఏడాది ప్రణాళికలో రాసిపెట్టడం. కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకంలో ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. అర్హత ఉన్న తెలుగు బడులు దరఖాస్తు చేయాలి. ఒక్క బడికి శక్తి చాలకపోతే నాలుగు బడులు కలిసి ఒక కిట్ కొనుక్కుని వంతులవారీగా వాడుకోవచ్చు.

బెంగళూరు తెలుగు సంఘాల్లో చిప్ డిజైన్ చేసే ఇంజినీర్లు ఎందరో సభ్యులు. ఉగాదికి చందా ఇస్తారు, నాటకానికి టికెట్టు కొంటారు. ఏడాదికి ఒక్క శనివారం బడికి వచ్చి, తమ పనిని తెలుగులో పిల్లలకు చెప్పమని సంఘాలు వారిని అడగాలి. రోజూ ఇంగ్లిష్‌లో చేసే పనిని తెలుగులో చెప్పడం మొదట కష్టమనిపించవచ్చు. పిల్లలు అడిగే ప్రశ్నలు ఆ కష్టాన్ని మరిపిస్తాయి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. తెలుగులో చదివితే ఎలక్ట్రానిక్స్ రాదేమోనన్న దిగులుతో పిల్లలను మధ్యలో బడి మార్పించకండి. ఎలక్ట్రానిక్స్‌కు కావలసింది ‘ఎందుకు’ అని అడిగే అలవాటు. పిల్లలు ఆ ప్రశ్న బాగా అడగగలిగేది ఇంట్లో మాట్లాడే భాషలోనే. ఇంగ్లిష్ పేర్లు ఆ తర్వాత తేలిగ్గా అతుక్కుంటాయి.

ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు. ‘అ’ అక్షరం 24 బిట్లూ బోర్డు మీద రాసి, ఒక పిల్ల చేతికి చిడతలివ్వండి. పిల్లలు ఎక్కడ తికమకపడ్డారో, ఏ ప్రశ్న అడిగారో రాసి ఈ పేజీకి పంపండి. అందరం పంచుకుంటే వచ్చే ఏడాదికి మన బడులన్నిటికీ పనికొచ్చే చిన్న పుస్తకం తయారవుతుంది.